పంపరపనస పక్కన ప్రశ్నార్థకం

చైనా వాళ్ల కొత్త సంవత్సరం దగ్గర పడుతోంది కదా, పక్క ఫ్లాట్ ఆవిడ నిన్న నాకొక పంపరపనస ఇచ్చి వెళ్లింది. పసిపిల్లాడి తలంత ఉంది. ఈ ఉదయం సింగపూర్ క్లెమెంటిలో మా వంటింటి గట్టు దగ్గర నిలబడి దాని తొక్కలోకి బొటనవేలి గోరు దించాను. తొక్క చిట్లి సన్నటి తుంపర మొహాన పడింది. చేదు, తీపి, పువ్వు, కొంచెం ఘాటు, అన్నీ కలిసిన వాసన. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పండు సంగతి మరిచి ఫ్రిజ్ మీదకు చూశాను. అక్కడ లేబుల్ లేని గోధుమరంగు సీసా ఒకటి ఉంటుంది. అది నా దగ్గరకు వచ్చి పదేళ్లు దాటింది. ఈలోగా మూడు ఇళ్లు మారాను. మూడుసార్లూ దాన్ని చొక్కాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను గానీ, మూత తీయలేదు. అందులో ఉన్నది బీరు. కాచినాయన పేరు సింహాచలం.

బీరు కాచే మనిషి నా జీవితంలో పెద్దవాడవుతాడని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఇంట్లో బీరు అన్న శబ్దం వినపడాలంటే దాని వెనక ‘వా’ ఉండి తీరాలి. అందులో బట్టలుండాలి. అలాంటి ఇంట్లో పెరిగి, కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాణ్ణీ విమానం ఎక్కిస్తున్న ఆ రోజుల్లో నేనూ ఎక్కేసి, సింగపూర్లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరాను. ఇతరుల తప్పులు వెతికిపెట్టడానికి జీతమిచ్చే ఉద్యోగం అది. సొంత తప్పుల జోలికి పోనక్కర్లేదు. బెడోక్‌లో ఒకరింట్లో గది అద్దెకు తీసుకున్నాను. వంట చేయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. నాతో మాట్లాడేవాళ్లే లేరు కాబట్టి రెండో షరతు సులువుగానే పాటించాను. వారమంతా ఆఫీసు నన్ను నమిలేది, శనివారం ఉమ్మేసేది. ఆ శనివారాలే కష్టం. రైలెక్కి, పేరు నచ్చిన స్టేషన్లో దిగి, కాసేపు తిరిగి, మళ్లీ రైలెక్కేవాణ్ణి.

అలా ఒక శనివారం మధ్యాహ్నం టోవా పాయోలో దిగాను. ఒక బ్లాకు కింద కాఫీ షాపులో బాతు మాంసమూ అన్నమూ తెచ్చుకుని కూర్చున్నానో లేదో, అమ్మ ఫోన్ చేసింది.

“తిన్నానమ్మా. పప్పు, బెండకాయ వేపుడు. ఫ్రెండ్సా? బోలెడుమంది. ఇప్పుడు వాళ్లతోనే ఉన్నా. ఆఁ, బాగున్నాను. అంతా బాగుంది.”

ఫోన్ పెట్టేశాను. పక్క టేబుల్ నుంచి ఒక గొంతు లేచింది. “ఏటి బావూ, ఆ బాతుకి బెండకాయని పేరెట్టేవా?”

నేను ఉలిక్కిపడి చూశాను. డెబ్బైకి దగ్గర్లో ఉన్న మనిషి. బనీను, నిక్కరు, చేతిలో కాఫీ గ్లాసు. ఆ యాస మా వైపుది కాదు, అయినా ఆ దేశంలో నా వెనక నుంచి తెలుగు వినపడటం అదే మొదటిసారి.

“ఫ్రెండ్సు ఏరీ? టేబుల్ కింద దాక్కున్నారేటి?” అని ఆయన నిజంగానే వంగి చూశాడు. తర్వాత నవ్వు ఆపి, చాలా జాగ్రత్తగా అడిగాడు. “నీకు తెలుగు సదవడం వొచ్చా? మాట్లాడ్డం కాదు. రాసింది సదవడం.”

“వచ్చండీ.”

“చేతిరాత?”

“అదీ వచ్చు.”

“అయితే ఆ బెండకాయ తినేసి రా. మా ఇల్లు పైనే.”

సింహాచలం అంకుల్ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి ఇక్కడికి వచ్చాడట. మూడు తరాల్లో ఆ కుటుంబానికి తెలుగు చెవుల్లోనే మిగిలింది, కళ్లలోంచి పోయింది. అంకుల్ మాటలో తాత నాటి తెలుగు, మధ్యమధ్య తమిళం, మలాయ్, కొసన సింగపూర్ వాళ్లందరూ తగిలించే ఒక ‘లా’. ఓడలు బాగుచేసే యార్డులో, పెయింట్ షెడ్‌లో నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. భార్య పార్వతి ఆంటీ విజయనగరం నుంచి పెళ్లి చేసుకుని తెచ్చుకున్న మనిషి. నేను వెళ్లేటప్పటికి ఆవిడ పోయి ఏడాది. ఆవిడ ఫోటోకి దండ లేదు గానీ, పక్కన ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, ఎదురుగా స్టూలు మీద, పరీక్ష ఫలితం వినబోయేవాడిలా కూర్చున్నాడు.

“సదువు.”

మొదటి పేజీ తెరిచాను. గుండ్రటి అక్షరాలు. “మూడో కాపు. పంపరపనస తొక్క. అట్ల పెనం మీద నీళ్లు చల్లినప్పటి వాసన. చివర్న తడి గడ్డి.” ఇంకో పేజీ. “ఏడో కాపు. పంపరపనస. బెల్లం ఊట. మనిషి తొందరపడ్డారు, సీసాల్లో ముందే పోసేశారు.”

అంకుల్ పకపకా నవ్వాడు. తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. ఏడాదిగా ఆ పుస్తకం ఇంట్లోనే ఉన్నా, అందులో ఆవిడ ఏమందో ఆయనకు తెలియదు.

కథ ఆ తర్వాత చెప్పాడు. యార్డులో పనిచేసిన ఒక విదేశీ ఇంజనీరు దేశం వదిలిపోతూ బీరు కాచే బకెట్టూ, కాచే పద్ధతీ ఆయనకిచ్చాడు. అప్పటికి ఇంట్లో కాచుకోవడానికి ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న కొత్త. పేల్ ఏల్ అనే లేత రంగు బీరు ఒక్కటే ఆయనకొచ్చు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు దించి గంటసేపు మరిగించి, అందులో హాప్ అనే పువ్వును వేయాలి. సాంబారుకి ఇంగువ ఎలాగో బీరుకి హాప్ అలాగ. లోకంలో హాప్ రకాలు చాలా ఉన్నాయి, నాలుగైదు కలిపి వేసేవాళ్లే ఎక్కువ. అంకుల్ మాత్రం కాస్కేడ్ అనే ఒక్క రకమే వేసేవాడు. దాని వాసన అచ్చం పంపరపనస.

“ఒక్కటే ఎందుకు అంకుల్?”

“పదిమంది ఒక్కసారి అరిస్తే ఎవడేటన్నాడో తెలుస్తాదా? ఒక్కడే మాట్లాడితే, ఆడు అబద్ధమాడితే దొరికిపోతాడు.”

ఆంటీ ఒక్క చుక్క తాగలేదట. ప్రతి కాపుకీ మొదటి గ్లాసు ఆవిడ ముక్కు దగ్గరకు వెళ్లేది. ఆవిడ వాసన చూసి, మొహం చిట్లించి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే ఆయన్ని తాగనిచ్చేది. ఎందుకిలా అని నేను అడగకముందే ఆయన డబ్బాలోంచి పచ్చటి హాప్ గుళికలు నాలుగు తీసి, అరచేతిలో నలిపి, తన ముక్కు కింద పెట్టుకున్నాడు. గదంతా పంపరపనస.

“నాకేటీ రాదు బావూ,” అన్నాడు. “పెయింట్ షెడ్ తినేసింది. కొంచెం కొంచెం తిని, రిటైరయ్యేసరికి మొత్తం తినేసింది. పారుకి తప్ప ఎవరికీ సెప్పలేదు.”

అది సిగ్గుపడాల్సిన విషయమేమిటో నాకు అర్థం కాలేదు. కింది అంతస్తులో ఉండే లిమ్ అంకుల్ ద్వారా తర్వాత తెలిసింది. ఆయనా యార్డు మనిషే. ఓడ ట్యాంకుల్లోకి మనుషులు దిగే ముందు మీటరు పెట్టి గాలి చూసేవారట. మీటరు సరే అన్నాక కూడా కుర్రాళ్లు సింహాచలం వైపు చూసేవారట. ఆయన వంగి ఒకసారి పీల్చి తల ఊపితేనే దిగేవారు. అలాంటి ముక్కు పోయిందని చెప్పుకోవడమంటే, తనను నమ్మి దిగిన వాళ్లందరి ముందూ చెప్పుకోవడం. ఆ రహస్యం ఆయన ఒక కాఫీ షాపు అబద్ధాలకోరు చేతిలో పెట్టాడు.

అప్పటి నుంచి నా శనివారాలకు చిరునామా దొరికింది. తలుపు తీస్తూనే “మకాన్ అయిందా?” అనేవాడు, అంటే తిన్నావా అని. అవలేదంటే చేపల పులుసు. అయిందన్నా చేపల పులుసే. తర్వాత పొయ్యి మీద పెద్ద గిన్నె. నేను వాసన చూసి చెప్పేవాణ్ణి, పాత పేజీలు చదివి వినిపించేవాణ్ణి, కొత్త పేజీ రాసేవాణ్ణి. వారంలో ఐదు రోజులు టెస్టర్ని, ఆరో రోజు టేస్టర్ని. దీర్ఘం ఒక్కటే తేడా, కానీ ఆ దీర్ఘంలోనే నాకు ఊపిరాడేది. నేను ఏదైనా “అనిపిస్తోంది అంకుల్” అంటే ఆయనకు నచ్చేది కాదు. “అనిపించింది వొద్దు. వొచ్చింది సెప్పు. ఏటీ రాకపోతే రాలేదని సెప్పు,” అనేవాడు. ఆంటీ పుస్తకంలో ‘బాగుంది’ అన్న మాట ఒక్కచోట కూడా లేదని అప్పుడే గమనించాను. గమనించి ఊరుకున్నాను.

లిమ్ అంకుల్ డెబ్బయ్యో పుట్టినరోజుకి నలభై సీసాలు ఇస్తానని అంకుల్ మాటిచ్చాడు. కాచిన మర్నాడే ఆయన మలేషియాలోని జొహోర్‌లో బంధువుల పెళ్లికి నాలుగు రోజులు వెళ్లాల్సి వచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లను పులియబెట్టి బీరు చేసే ఈస్ట్ పని మొదలుపెట్టే ఆ మొదటి రోజులే కీలకం. ఈ ఊరి వేడికి వదిలేస్తే పాడైపోతుంది. అందుకే బకెట్టును నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, తడి తువ్వాలు చుట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దునా సాయంత్రం మార్చాలి. తాళాలు నాకిచ్చాడు. బీరు కాయడం ఆయన వంతు, దానికి కాపు కాయడం నా వంతు.

మొదటి రోజు రెండుపూటలా వెళ్లాను. రెండో రోజు ఆఫీసులో విడుదల చేయాల్సిన ప్రోగ్రాం మొండికేసింది. మేనేజర్ ఎవర్నీ కదలనివ్వలేదు. మూడో రోజూ అంతే. టోవా పాయోకి వెళ్లొస్తానని అడగొచ్చు. ఏం చెప్పి అడగను? బీరుకి జ్వరం వస్తుందని చెప్పనా? నాలుగో రోజు పొద్దున్నే పరిగెత్తాను. తువ్వాలు అప్పడంలా ఎండిపోయి ఉంది. తొట్టిలో నీళ్లు చారులా వెచ్చగా ఉన్నాయి. గబగబా కొత్త మంచు సీసాలు పెట్టి, తువ్వాలు తడిపి, దొంగలా బయటపడ్డాను. ఆ సాయంత్రం అంకుల్ ఫోన్ చేసి “ఎలాగుంది?” అంటే, అమ్మతో చెప్పే గొంతుతోనే చెప్పాను. “అంతా బాగుంది అంకుల్.”

సీసాల్లో పోసే రోజు మొదటి గ్లాసు నా ముక్కు దగ్గరకు వచ్చింది. పంపరపనస ఎక్కడో అడుగున ఉంది. దాని మీద గుప్పున గోళ్ల రంగు వాసన. నేను తలెత్తాను. అంకుల్ నా మొహంలోకే చూస్తున్నాడు, ట్యాంకు అంచున నిలబడ్డ కుర్రాడిలా. నిజం చెబితే ఆ రెండు రోజుల సంగతీ చెప్పాలి. తాళాలు తిరిగిచ్చెయ్యాలి. మళ్లీ శనివారాలన్నీ రైళ్లలో తిరగాలి.

“పంపరపనస అంకుల్. ఘుమఘుమలాడిపోతోంది.”

“రాయి,” అన్నాడు సంతోషంగా.

కొత్త పేజీలో రాశాను. “పంపరపనస. చాలా బాగుంది.” ఆ పుస్తకంలో అదే మొదటి ‘బాగుంది’.

పుట్టినరోజు ఆదివారం మధ్యాహ్నం, బ్లాకు కింద ఖాళీ జాగాలో. యార్డు ముసలాళ్లు పదిమంది దాకా వచ్చారు. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే అందరికీ పోశాడు. లిమ్ అంకుల్ గ్లాసెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, దించాడు.

“సింహా, వై స్మెల్ లైక్ థిన్నర్, లా?”

ఇంకొకాయన పీల్చి, తొడ చరిచాడు. “పెయింట్ షెడ్! సేమ్ సేమ్!” పదిమందీ నవ్వారు. అంకుల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే తన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని లోతుగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. లిమ్ అంకుల్ నవ్వు మెల్లగా ఆగిపోవడం నేను చూశాను. ముప్పై ఏళ్లు పక్కన పనిచేసిన మనిషి, ఆయనకు అర్థమైపోయింది. “నెవర్ మైండ్, నెవర్ మైండ్. ఐ లైక్ థిన్నర్,” అని గ్లాసు మొత్తం గటగటా తాగేశాడు. అంత బలవంతంగా ఎవరైనా బీరు తాగడం నేను మళ్లీ చూడలేదు.

పైకి వచ్చాక అంకుల్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“నీకు వాసనొచ్చిందా, రాలేదా?”

“వచ్చింది.”

“ఏ వాసన?”

“గోళ్ల రంగు.”

“ఆ రోజేనా?”

“ఆ రోజే.” సీసాలు మార్చని రెండు రోజుల సంగతి కూడా చెప్పేశాను. “మీరు బాధపడతారని అంకుల్.”

“బాధ నాది కదా బావూ. దాన్ని నువ్వెందుకు దాసీసుకున్నావు?” ఆయన పుస్తకం తీసి, నా పేజీ తెరిచి, నాచేతే పైకి చదివించాడు. చదివాను. చించేస్తానంటే వద్దన్నాడు. “ఉండనీ. సూడు, బీరు పాడైతే పారబోస్తాం. అదేటి పెద్ద పని? ట్యాంకు దగ్గర ముక్కు అబద్ధమాడితే దిగినోడు పైకి రాడు. నాను నీ ముక్కుతో దిగాను.” పుస్తకం నా చేతిలోంచి తీసుకుని అన్నాడు. “వొచ్చే శనివారం రాకు.”

నాలుగు శనివారాలు మళ్లీ రైళ్లలో తిరిగాను. టోవా పాయో వచ్చినప్పుడల్లా తలుపులు తెరుచుకునేవి, మూసుకునేవి. నేను ఇంకో వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే, ఒకసారి ‘బా’ దాకా వచ్చి ఆగిపోయాను. “ఏం లేదమ్మా, ఇక్కడ నాకెవరూ లేరు,” అన్నాను. “మరి ఇన్నాళ్లూ బెండకాయ వేపుడు ఎవరు చేసి పెట్టార్రా?” అంది అమ్మ. మేమిద్దరం ఆ రోజు మొదటిసారి నిజంగా మాట్లాడుకున్నాం.

ఐదో వారం అంకుల్ ఫోన్ చేశాడు. “కొత్తది కాసేను. మంచు సీసాలు నానే మార్సుకున్నాను. ముక్కట్టుకుని రా.”

గ్లాసు ఇచ్చాడు. ఆయన మొహంలోకి చూడకుండా కళ్లు మూసుకుని పీల్చాను. “పంపరపనస ఉంది. దాని కింద ఉడికించిన మొక్కజొన్న పొత్తు. మొక్కజొన్నే ఎక్కువ. ఇది బాగాలేదు అంకుల్.”

కళ్లు తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. “మూతెట్టీసేను! మరుగుతుంటే వాన జల్లు లోపలికి కొడతందని మూతెట్టీసేను! పారు ఉన్నప్పుడూ ఓపాలి ఇలాగే సేస్తే అదే అంది, మొక్కజొన్న పొత్తని.” చెడిపోయిన బీరు గురించి అంత ఆనందపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. “రాయి, రాయి,” అన్నాడు. రాశాను. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఆ బకెట్టు మొత్తం సింకులో పారబోశాం. నురగ అంచులదాకా పొంగింది.

ఆ తర్వాత మూడేళ్ల శనివారాలు. ఆ మూడేళ్లలో ఆఫీసులో నాకు మంచి టెస్టర్నన్న పేరొచ్చింది, ఉన్నదున్నట్టు చెబుతానని పలకరించేవాళ్లు కొంచెం తగ్గారు. తర్వాత కంపెనీ నన్ను ఎనిమిది నెలలు వేరే దేశం పంపింది. ఆరో నెలలో అంకుల్ నిద్రలోనే పోయాడు. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగొచ్చాక టోవా పాయో వెళ్తే, లిమ్ అంకుల్ తన ఇంటి తలుపు దగ్గరే నిలబడి ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చాడు. “సింహా సే, గివ్ టు తెలుగు బాయ్.” అందులో ఎర్ర అట్ట నోటుబుక్కు, ఒక సీసా.

పుస్తకంలో నా చివరి పేజీ తర్వాత కొత్త పేజీ ఒకటి ఉంది. నేను లేనప్పుడు కాచిన కాపు అది. దాని మీద వణుకుతూ, కొన్ని చోట్ల తలకట్టు లేకుండా, ఒక సున్నా అటూ ఇటూ జారిపోతూ, ఒకే ఒక్క మాట ఉంది. ప్రతి పేజీలో వాసనలన్నిటికంటే ముందు ఉండే మాట. చదవడం రాని మనిషి, ఆంటీ రాతను చూసి బొమ్మ గీసినట్టు గీసుకున్నాడు. పంపరపనస. దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం. రాని వాసనను వచ్చిందని రాసుకోలేక, అడిగి వదిలేశాడు.

పదేళ్లుగా ఆ సీసా తెరవకపోవడానికి కారణం ప్రేమ అని చెప్పుకుంటూ వచ్చాను. కాదు, భయం. ఆయన ఆఖరి కాపు పాడైందని రాయాల్సి వస్తే? పక్కన ఎవరూ లేరు కదా, ఈసారి ఘుమఘుమలాడిపోతోందని రాసేస్తే? ఏళ్లు గడిచినకొద్దీ హాప్ వాసన ఎగిరిపోతుందని నాకు తెలుసు. ఆలస్యం చేసి జవాబును నేనే చెరిపేశానేమో కూడా.

ఈ ఉదయం ఆ పండు పక్కన పెట్టి సీసా దించాను. తెరవబోతూ ఆగాను. నా వేళ్ల నిండా పంపరపనసే. ఈ చేతులతో గ్లాసు పట్టుకుంటే ఉందనే రాస్తాను. సబ్బు పెట్టి కడుక్కున్నాను, వాసన చూసుకుని మళ్లీ కడుక్కున్నాను. పండునూ తొక్కనూ గిన్నెలో పెట్టి బయట వరండాలో దించి, కిటికీలన్నీ తెరిచి, గంటసేపు ఊరికే కూర్చున్నాను. అప్పుడు మూత తీశాను. సన్నగా బుస్సుమంది. గ్లాసులో పోసి, కళ్లు మూసుకుని పీల్చాను. ఒకసారి, రెండుసార్లు. చాలా లోపల ఎక్కడో తొక్క ఎండిన వాసన ఉన్నట్టు అనిపించింది. అనిపించింది వద్దన్నాడు కదా.

పుస్తకం తెరిచి, ఆయన ప్రశ్నార్థకం కింద రాశాను. “పంపరపనస రాలేదు. తడిసిన అట్టపెట్టె. పాత తేనె. మొక్కజొన్న లేదు. థిన్నర్ లేదు. మంచు సీసాలు పొద్దునా సాయంత్రం సరిగ్గా మార్చారు.”

తర్వాత అలవాటుగా పైకి చదివాను.